సూపర్ హీరోల పగటి ఉద్యోగాలు

డర్బన్‌లోని రెడ్‌హిల్‌లో నాకు బాగా దగ్గరైన ఒక కుటుంబం ఉంది. ఆ ఇంటి ఆడపడుచు ఒకామెను చిన్నా పెద్దా అందరూ "రేడియో" అంటారు. ఆమె చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుందని దాని అర్థం. ఆమె నర్సు. ఎంతమంది రోగుల గుట్టు కడుపులో పెట్టుకుందో లెక్కలేదు. అయినా ఇంట్లోవాళ్ళకు రేడియోనే. పుట్టిన రోజులకు, పెళ్ళిళ్ళకు, ఎవరో ఒకరు "ష్, రేడియో ఆన్‌లో ఉంది" అంటారు, అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది.

ఆ పేరు తెచ్చిపెట్టిన వ్యవహారంలో నోరు జారింది ఆమె కాదు. నేను. ఆ సంగతి ఇరవై ఏళ్ళకు పైగా నాకు తెలుసు, నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి కూర్చుంటే సిగ్గు కన్నా ముందు ఆ గరాజు, ఆ ఆదివారాలు, మా నవ్వులు గుర్తొస్తున్నాయి. వాటినీ దాచను.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది నేను గోదావరి జిల్లా నుంచి డర్బన్ వచ్చాను. రేవులో ఓడలకెక్కే పంచదారను పరీక్షించే ల్యాబులో కెమిస్టు ఉద్యోగం. పగలంతా పంచదార రంగు చూడటం, తేమ చూడటం, సంతకం పెట్టటం. తెలుగు ఇంటిపేర్లున్న మనుషులు రోజూ తగిలేవారు. నేను ఆశగా తెలుగులో పలకరిస్తే వాళ్ళు ఇంగ్లీషులో మొహమాటపడేవారు. ముత్తాతల కాలంలో చెరకు తోటలకు వచ్చిన భాష, మనవల దగ్గరికి వచ్చేసరికి వంటింట్లోనూ పూజగదిలోనూ మిగిలింది.

ఒక పెళ్ళిలో పరిచయమైన పెద్దాయన నన్ను తన ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మకు చూపించాడు. ఇంట్లో అందరూ ఆవిడను అవ్వ అనేవారు. నేనూ అవ్వ అనే అన్నాను. ఆవిడ నా మాట కాసేపు విని, "ఈ అబ్బాయి మా నాయన మాట్టాడినట్టే మాట్టాడతన్నాడు," అని కొడుకుతో అంది. ఆవిడ యాస మా జిల్లాది కాదు, ఇంకా ఉత్తరాన ఎక్కడిదో, వందేళ్ళ కిందటిది. అయినా ఆ పూట నా చెవులకు పండగే. ఆదివారం మధ్యాహ్నాలు ఇంటి పిల్లలకు తెలుగు చెప్పమని ఆ పెద్దాయన అడిగితే మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాను.

పిల్లలంటే పిల్లలు కాదు. అవ్వ మనవడికి ఇరవై రెండేళ్ళు. తండ్రి లేడు, తల్లితోపాటు చిన్నాన్న ఇంట్లోనే పెరిగాడు. నన్ను తీసుకెళ్ళిన పెద్దాయనే ఆ చిన్నాన్న. యూనివర్సిటీలో అకౌంట్స్ చదువుతున్నాడని, డిగ్రీ చేతికొస్తే ఆ వంశంలో అదే మొదటిదని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవారు. అతని పెదనాన్న కూతురు, తర్వాత రేడియో అయిన మనిషి, అప్పుడు నర్సు శిక్షణలో ఉండేది. ఊళ్ళోనే ఆషర్‌విల్ నుంచి వచ్చేది. అతను ఆమెను "అక్కా" అనేవాడు, ఇక్కడ నేనూ అక్క అనే రాస్తాను. ఇక పక్కింటి ఆంటీ. బట్టల ఫ్యాక్టరీలో మిషను మీద కుట్టుపని. యాభై దాటినా అందరికన్నా ముందే వచ్చి కుర్చీ పట్టుకునేది. ఇంకో ఇద్దరు వస్తూ పోతూ ఉండేవారు.

కారును బయట నిలబెట్టి, గరాజులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. వాళ్ళకు వచ్చిన తెలుగంతా చుట్టరికాలు, దేవుడి పాటలు, తిండి పేర్లు, తిట్లు. తిట్లలో నాకన్నా వాళ్ళే గట్టి. నేను అక్షరాలతో మొదలుపెట్టాను. రెండు వారాలకే ఆంటీ ఆవులించింది. మూడో వారం కుర్రాడు ఒక పాత పుస్తకం పట్టుకొచ్చాడు. టౌన్లో పాత పుస్తకాల కొట్లో దొరికిందట.

"అన్నా, అ ఆ ఇ ఈ బోరు. ఇది ఆడదాం. కానీ తెలుగులో."

అది సూపర్ హీరోల ఆట. ఒకరు కథ నడపాలి, మిగతావాళ్ళు తలా ఒక హీరోను తయారుచేసుకుని ఆ హీరోలాగే మాట్లాడాలి. పందెం పడిందా పడలేదా అనేది పాచికలు చెబుతాయి. నాకు కొత్త. కానీ కథ నడపడానికి తెలుగు వచ్చినవాడు కావాలి కదా, నేనే నడిపాను. మొదటి కథలో ఒక దొంగ డర్బన్‌లోని గడియారాలన్నీ ఆపేశాడు. ఆపేస్తే ఏమవుతుందని అడిగాను. "టాక్సీలు మామూలుగానే వస్తయి," అంది ఆంటీ, అక్కడ టాక్సీలని పిలిచే షేర్ వ్యాన్లను తలుచుకుని, "వాటికి టైమ్ ఎప్పుడుంది గనక."

శక్తులు ఎంచుకోవడం నిమిషాల్లో అయిపోయింది. ఆంటీ హీరోకు ఊరవతల గుసగుసలాడినా వినబడుతుంది. అక్క హీరో వానను ఆపగలదు. కుర్రాడి హీరో చేత్తో తాకితే ఎంత బరువైనా దూదిలా తేలిపోతుంది. తరవాతి పేజీలో చిక్కుపడ్డాం. హీరోకు పగలు ఒక ఉద్యోగం ఉండాలి. దాని చాటున అసలు మనిషి ఎవరో ఎవరికీ తెలియకూడదు.

ఎగరడం ఊహించినంత తేలిగ్గా ఉద్యోగం ఊహించలేకపోయారు. అప్పటిదాకా వాళ్ళకు తెలిసిన ఉద్యోగాలు మిల్లు, ఫ్యాక్టరీ, బడి, ఆసుపత్రి, కొట్టు. మిగతావి ఆ రంగు వాళ్ళవి, ఈ రంగు వాళ్ళవి అని పంచేసి ఉండేవి. ఇప్పుడు పేపర్లో ప్రతి ఉద్యోగం కిందా ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చని రాస్తున్నారు. ఆ "ఎవరైనా" అన్న మాట వాళ్ళకు ఇంకా కొత్త చొక్కాలా ఉంది. అందుకని అందరూ తాము ఎన్నడూ లోపలికి తొంగి చూడని ఉద్యోగాలే కోరుకున్నారు. ఆంటీ మేజిస్ట్రేట్. అక్క, రేవులోకి ఓడలను తెచ్చే పైలట్. కుర్రాడు కాసేపు ఆలోచించి, "హోటల్లో కేకులు, పేస్ట్రీలు చేసేవాడు," అన్నాడు.

ఆంటీ మండిపడింది. "ఏయ్, వంటోడివా? సూపర్ హీరోవిరా నువ్వు! జడ్జీ పెట్టుకో, ప్లేన్ పైలట్ పెట్టుకో. మన తాతలు తెల్లోళ్ళ హోటళ్ళలో ట్రేలు మోసి మోసి నడుములు పోగొట్టుకున్నారు. నువ్వు మళ్ళా అక్కడికే పోతావా?"

"ట్రే మొయ్యను ఆంటీ. ట్రే మీద పెట్టేది చేస్తా."

ఈ ఉద్యోగాలు నిలుస్తాయో లేదో తేల్చడానికి మేమొక పరీక్ష కనిపెట్టాం. దానికి సోమవారం పరీక్ష అని పేరు. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరినీ మిగతావాళ్ళు నిలదీస్తారు. సోమవారం పొద్దున్న ఎక్కడున్నావు, ముందు ఏం చేశావు, తరవాత ఏం చేశావు, నీ పక్కన ఎవరున్నారు. అంతా తెలుగులోనే. తడుముకున్నా, అబద్ధం దొరికినా ఆ వారం శక్తులు పోయినట్టే. క్రియాపదాలు నేను అందించేవాడిని. అక్షరాలతో రాని తెలుగు ఈ నిలదీతల్లో పరుగెత్తుకుంటూ వచ్చింది.

ఆంటీ మొదటి వారమే దొరికిపోయింది. "నేను పొద్దున్నే కోర్టుకి పోతా. నల్ల గౌను వేసుకుంటా. కూర్చుంటా. మిషనుకి నూనె వేస్తా..." అక్కడికి ఆమే ఆగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేం నవ్వి నవ్వి కుర్చీల మీంచి జారిపోయాం. ఆ గోలకు పెరట్లో బొప్పాయి చెట్టు మీదున్న కోతి గరాజులోకి తొంగి చూసి, బల్ల మీది పాచిక ఒకటి పట్టుకుని పారిపోయింది. అక్కను ఓడ ఎక్కే నిచ్చెన ఎటువైపు వేస్తారని అడిగారు. ఆమె తడబడింది. అడిగినవాళ్ళకు కూడా జవాబు తెలియదని తేలాక పెద్ద గొడవ.

కుర్రాడు మాత్రం ఒక్కసారీ దొరకలేదు. పిండిలో వెన్న పెట్టి మడవడం, చల్లబెట్టడం, మళ్ళీ మడవడం చెప్పేవాడు. వాన పట్టిన రోజు గాలిలో తేమకు వెన్న కరిగి మడతలు అంటుకుపోతాయనీ, ఆ రోజు పెద్ద షెఫ్ ఎవరితోనూ మాట్లాడడనీ చెప్పేవాడు. తెలుగు చాలనిచోట చేతులతో చూపించేవాడు. ఒకసారి ఆంటీ, "వంటోడివైతే చెయ్యి కాలాలి కదా, చూపించు," అంది. అతను ఎడమ చేతి చొక్కా పైకి మడిచాడు. ముంజేతి మీద పొడుగ్గా కాలిన మచ్చ. పొయ్యి తలుపు తగిలిందన్నాడు.

"అబ్బో, మేకప్ కూడా వేసుకొచ్చినాడు!" అంది ఆంటీ.

అతను కూడా నవ్వాడు. అక్క ఒక్కతే అతన్ని ఎన్నడూ ప్రశ్నలు అడిగేది కాదు. తన వంతు వస్తే, "నాకు ఏం లేవు, నువ్వు అడుగు ఆంటీ," అనేది. నేను అది గమనించి కూడా ఏమీ అనుకోలేదు. ఇతని ఊహ ఎంత గొప్పదో అని మాత్రం అనుకునేవాడిని. ఇలాంటి శిష్యుడు దొరికినందుకు వారమంతా ల్యాబులో లోపల్లోపల పొంగిపోయేవాడిని.

ఒక ఆదివారం బస్సు తొందరగా దొరికి ముందే వెళ్ళాను. అవ్వ వంటింటి మెట్ల మీద కూర్చుని మడుంబీలు చెక్కు తీస్తోంది. మన చామదుంపల్లాంటివే, కాస్త పెద్దవి. పిల్లలింకా రాలేదు. పక్కన కూర్చున్నాను. ఆవిడతో మాట్లాడటమంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. మాట వెతుక్కోనక్కర్లేని మనిషి ఆ ఊళ్ళో ఆవిడ ఒక్కతే. ఆవిడకు ఏదైనా మంచి మాట చెప్పి సంతోషపెట్టాలనిపించింది.

"అవ్వా, మీ మనవడు చాలా గట్టివాడు. తెలుగులో ఎంత బాగా కథ అల్లుతున్నాడో!"

"ఏటి అల్లుతాడు?"

చెప్పాను. సముద్రం ఒడ్డున హోటల్లో పేస్ట్రీలు చేసేవాడిగా ఎలా నటిస్తున్నాడో, వెన్న, మడతలు, వాన రోజు పాట్లు, అన్నీ అతను చెప్పినట్టే చెప్పాను. కాలిన మచ్చ కూడా చూపించాడని నవ్వుతూ అన్నాను.

అవ్వ చేతిలో కత్తి ఆగింది. "ఏ సెయ్యి?"

"ఎడమది."

"ఇస్తిరీ పెట్టి కాలిందన్నాడు నాతోటి," అంది. "ఆ కతలో... వాడికి ఆ పని ఇష్టమేనా?"

"చాలా ఇష్టం అవ్వా. చెప్పేటప్పుడు మొహం వెలిగిపోతుంది."

"ఊఁ," అంది. దుంపను నీళ్ళలో వేసింది. "టీ తాగెల్లు. నీకు అల్లం ఎక్కువేత్తాను."

నేను టీ తాగాను. రుచిగా ఉందని కూడా చెప్పాను. ఆ రోజు క్లాసు మామూలుగానే జరిగింది.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి గరాజులో కుర్చీలు వేసి లేవు. కుర్రాడొక్కడే నేల మీద కూర్చుని ఉన్నాడు. విషయం అతని నోటే విన్నాను. యూనివర్సిటీ మొదటి ఏడాదే మానేశాడు. హోటల్లో పేస్ట్రీ విభాగంలో హెల్పరుగా చేరాడు. రోజూ పుస్తకాలు పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరేవాడు, సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చినట్టు వచ్చేవాడు. దాచడానికి కారణం అవ్వ. వాళ్ళ తాత అదే సముద్రపు ఒడ్డున తెల్లవాళ్ళ హోటల్లో వెయిటరుగా పనిచేశాడు. బతుకంతా వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాడు. తన వంశంలో ఇంకెవరూ ఆ గుమ్మం తొక్కకూడదని ఆయన పోయిన రోజు అవ్వ అందరి ముందూ అందట.

"సోమవారం పొద్దున పోతుంటే అవ్వ పిలిచినాది," అన్నాడు. "ఆ పుస్తకాలు బరువు, ఇంట్లో పెట్టెల్లు, హోటల్లో పుస్తకాలేల అన్నాది. చిన్నాన్న అరిచినాడు, అమ్మ ఏడ్చినాది. అవ్వ ఇంక మాట్లాడలేదు. వారం అయినాది, నాతోని ఒక్క మాట లేదు."

నేను గోడకు ఆనుకున్నాను.

"అక్క చెప్పేసినాది, అన్నా. ఫ్రెండ్ పెళ్ళికని మా హోటల్‌కి వచ్చి నన్ను చూసినాది. చెప్పను అని ఒట్టు పెట్టినాది. ఇంకెవరికీ తెలీదు. అక్క తప్ప ఎవరూ లేరు."

"నువ్వే చెప్పెయ్యాల్సింది కదా," అన్నాను.

"చెప్పాలనే కదా నీ క్లాసుకి వస్తా! ఉద్యోగం పర్మనెంట్ అయినాక చెప్దామని. అవ్వకి ఇంగ్లీషులో చెప్తే నోటీసు ఇచ్చినట్టు ఉంటది. తెలుగులో చెప్పాల. నువ్వు నేర్పిన మాటలన్నీ పెట్టి రెడీ చేసుకున్నా. ఇప్పుడు చెప్పి ఏం చేస్తా? ఆమెకి తెలిసిపోయినాది."

అప్పుడే చెప్పవలసింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ ఊళ్ళో నాకున్నది ఆ ఇల్లు ఒక్కటే. ఆ ఆదివారాలు పోతే నాకు వారమంతా పంచదారే. నేను, "సర్దుకుంటుందిలే," అన్నాను.

రెండు రోజుల తర్వాత అక్క ల్యాబుకు ఫోన్ చేసింది. "నేను చెప్పలేదన్నా. వాడు నమ్మడు. నువ్వు చెప్పు వాడికి, నీ మాట వింటాడు." దానికీ నేను "సర్దుకుంటుందిలే అమ్మా, కాస్త ఓపిక పట్టు," అనే అన్నాను. నా తప్పును ఆమె నెత్తిన పెట్టి, ఆమెకే ఓపిక నేర్పాను. ఆమె క్లాసుకు రావడం మానేసింది.

ఆట మాత్రం ఆంటీ పట్టుబట్టి మళ్ళీ మొదలుపెట్టించింది. అలాంటి ఒక ఆదివారం, మేం పాచికలు సర్దుకుంటుండగా, అవ్వ కర్ర పట్టుకుని గరాజులోకి వచ్చింది. ఖాళీగా ఉన్న అక్క కుర్చీలో కూర్చుంది. మనవడి వైపు చూడకుండా నన్ను అడిగింది. "ఈ ఆటలో అబద్దమాడితే ఏటవుద్ది?"

"శక్తులు పోతాయి అవ్వా."

"అయితే నానడుగుతాను." అప్పుడు అతని వైపు తిరిగింది. "ఏ గుమ్మంలోంచి లోపలికెల్తావురా?"

అతను చేతిలో పాచిక కింద పెట్టాడు. "వెనక గుమ్మమే అవ్వా."

అవ్వ దవడ బిగుసుకుంది.

"కిచెన్‌లో అందరికీ అదే గుమ్మం," అన్నాడు తొందరగా. "ప్లేట్లు కడిగేవాళ్ళకీ అదే. పెద్ద షెఫ్‌కీ అదే."

"పెద్దోడు తెల్లోడా?"

"యెబో అవ్వా," జులూలో అవునన్నాడు.

"ఆడు గూడా యెనకనించేనా?"

"అతనూ అంతే. వాన రోజు జారి పడినాడు కూడా, అక్కడ నూనె డబ్బాలు ఉంటయి."

అవ్వ నవ్వు ఆపుకోవాలని చూసింది. మూతి వంకర తిరిగింది, భుజాలు కదిలాయి, ఇక ఆగలేదు. "జారిపడ్డాడా! మీ తాత వినుంటే అన్నం మానేసి నవ్వును." కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. నువ్వు చేసింది ఎవరు తింటారు? డబ్బున్నవాళ్ళందరూ, అన్ని రంగులవాళ్ళూ. మంచి మాట చెప్పి పంపుతారా? ఒక్కోసారి ప్లేటు తుడిచినట్టు తినేసి పంపుతారు. నీ చేత్తో చేసింది నువ్వు తింటావా? విరిగినవి తింటా. ఎంతో తడుముకుంటూ, క్రియలన్నీ ఒకే మూసలో పోసి, అన్నిటికీ జవాబు చెప్పాడు. నేనొక్క మాటా అందించలేదు. ఆంటీ పక్కన కూర్చుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"మరి నాకేల సెప్పలేదు?" అంది అవ్వ చివరికి.

"చెప్పాలనే... అంతలోకి వేరేవాళ్ళు చెప్పేసినారు."

"ఎవులు సెప్తే ఏటి? నువ్వు సెప్పలేదు." కర్ర ఊతంగా లేచింది. లేస్తూ నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను చెప్పిన సంగతి అందరికీ తెలిసే ఉంటుందనుకుందో, నా అంతట నేనే చెప్పుకుంటానని వదిలేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క మీద నింద పడ్డ విషయం ఆవిడ దాకా వెళ్ళలేదని మాత్రం తర్వాత తెలిసింది. "వొచ్చే వారం విరిగినయ్యి నాలుగు పట్టుకురా," అని అతనికి చెప్పి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో మంచి రోజులే నడిచాయి. చిన్నాన్న కూడా మెత్తబడ్డాడు. అవ్వ పోయేదాకా ప్రతి ఆదివారం ఆవిడకు ఒక చిన్న అట్టపెట్టె వచ్చేది. "ఉప్పు లేదు, కారం లేదు, ఏటో గాలి తిన్నట్టుంటాది," అంటూనే పెట్టె ఖాళీ చేసేది. మా ఆట ఇంకో రెండేళ్ళు సాగింది. నేను పెళ్ళి చేసుకుని ఇక్కడే స్థిరపడ్డాను. నా జీవితంలో నేను సుఖంగా ఉన్న కాలమేదంటే అదే.

అక్క పెళ్ళికి కేకు కుర్రాడే చేశాడు. అంతవరకూ ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. కేకు కోయబోయే ముందు అతను నలుగురిలో ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఫర్గివ్ చేసినాను పో, రేడియో," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అతని మొహంలోకి, తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళ మొహాల్లోకి చూసి, "సరేరా," అంది. పెళ్ళికూతురు ఇంకేమంటుంది? చేయని తప్పుకు క్షమాపణ పుచ్చుకుంది. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ మధ్య ఆ ఇంట్లో ఒక పిల్లకు నిశ్చితార్థం జరిగింది. అక్కకు వరసకు మేనకోడలు, చిన్నప్పుడు జ్వరమొస్తే ఈమె ఒళ్ళో పడుకున్న పిల్ల. పెళ్ళి కుదిరిన సంగతి నెలల ముందే అందరికీ తెలుసు, నాకు కూడా తెలుసు. అక్కకు మాత్రం పిలుపుతోపాటే తెలిసింది. "రేడియో ఆంటీకి చెప్తే అయిపోయినట్టే కదా," అని ఆ పిల్ల ముద్దుగా అంది. అక్క అందరితోపాటు నవ్వింది. తర్వాత నేను వంటింట్లోకి మంచినీళ్ళకు వెళితే, ఆమె సింకు దగ్గర నిలబడి ఆరిపోయిన పళ్ళేన్నే తుడుస్తూ ఉంది.

"అమ్మా, ఆ రోజు అవ్వకు చెప్పింది నేను," అన్నాను. మొత్తం చెప్పాను.

ఆమె పళ్ళెం వైపే చూస్తూ వింది. "నేను నీకు ఫోన్ చేసినప్పుడు నీకి తెలుసా?"

"తెలుసు."

"నా పెళ్ళి రోజు?"

"తెలుసు."

పళ్ళెం కింద పెట్టింది. "మా అత్తగారు పోయేదాకా ఆ ఇంట్లో నన్ను వేరే గదిలోకి పంపి మాట్లాడుకునేవాళ్ళు, అన్నా. తమాషాకే. అన్నీ తమాషాకే." గుడ్డ మడిచింది. "నాకి చెప్పినావు. వాడికి చెప్పు." ఆ సాయంత్రం ఆమె మళ్ళీ నాతో మాట్లాడలేదు.

అతనికిప్పుడు డర్బన్‌లోనే ఖర్వాస్తాన్‌లో సొంత బేకరీ ఉంది. ఆ శనివారమే వెళ్ళాను. పిండి చదును చేస్తున్నాడు. నేను చెబుతున్నంతసేపూ చేతులు ఆపలేదు. అయ్యాక అడిగాడు.

"అవ్వ ఏమన్నాది? నువ్వు చెప్పినప్పుడు?"

నన్ను తిడతాడని సిద్ధపడి వెళ్ళినవాణ్ణి, ఈ ప్రశ్నకు సిద్ధంగా లేను. ఆ మెట్ల మీద జరిగిందంతా మాట మాటా చెప్పాను. ఏ చెయ్యి అని అడగటం, ఇస్తిరీ సంగతి, ఇష్టమేనా అని అడగటం.

"ఇష్టమేనా అని అడిగినాదా? తిట్టక ముందే?"

"తిట్టలేదు. అడిగింది ఆ ఒక్కటే."

"నువ్వేం చెప్పినావు?"

"చాలా ఇష్టమని."

అతను అప్పడాల కర్ర పక్కన పెట్టాడు. పిండి అంటిన చేతులతోనే కళ్ళు రుద్దుకున్నాడు. "నువ్వు చాలా చెడ్డ పని చేసినావన్నా," అన్నాడు. "అక్కకి."

"అవును."

"నేను ఇంకా చెడ్డ పని చేసినాను. ఫర్గివ్ చేసినాను అంట!" ఆప్రన్ విప్పి నా చేతిలో పెట్టాడు. పనిచేసే అమ్మాయి ఆ రోజు రాలేదట. "కొట్టు చూసుకో. ధరలన్నీ అట్ట మీద ఉంటయి," అని కారు తాళాలు తీసుకుని ఆషర్‌విల్‌లో అక్క ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమంతా నేను బన్నులు, కస్టర్డ్ స్లైసులు అమ్మాను. ఒకావిడ గుడ్డు లేని కేకు ఏదని అడిగితే తెలియక అన్నీ చూపించాను. "కొత్తగా చేరినారా అంకుల్?" అంది. ఈరోజే అన్నాను. చిల్లర తప్పు ఇచ్చి మళ్ళీ పిలిచాను. ట్రేలు సగం ఖాళీ అయ్యాక ఫోన్ మోగింది. అక్క.

"వాడు వచ్చి మా వంటింట్లో కూర్చున్నాడు," అంది. "పిల్లలందరినీ పిలిచి, రేడియో అన్నవాడికి ఇంక కేకు లేదని చెప్తున్నాడు. నీ మీద నాకి కోపం పోలేదు. రేపు పోతదని కూడా చెప్పను."

"సరేనమ్మా."

"అన్నం వండుతున్నా. కొట్టు మూసి రా. అందరి ముందర నువ్వే చెప్పాల, ఇంగ్లీషులో, పిల్లలకి అర్థమయ్యేటట్టు."

వస్తానన్నాను. దీపాలు ఆర్పాను గాని, ఆ షట్టరు కిందికి ఎలా దిగుతుందో నాకు అంతుపట్టలేదు. రొట్టె కోసం పరుగెత్తుకొచ్చిన ఒక టాక్సీ డ్రైవరు నన్ను పక్కకు జరగమని, ఒక్క గుంజు గుంజి దించి, తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అతనికి రొట్టె ఇవ్వడం మర్చిపోయానని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.